హాకీ కార్డు లేని ఊరు: సికింద్రాబాదు సేకరణకర్తల మారకంపై ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

కెనడాలో హాకీ కార్డు శతాబ్దానికి పైగా పిల్లల జేబుల్లోను, పెద్దల అల్మారాల్లోను చేతులు మారుతూ వచ్చింది. అక్కడ హాకీ అంటే మంచు మీద ఆడేది. మైదానపు హాకీలో ఎనిమిది ఒలింపిక్ స్వర్ణాలు గెలుచుకున్న భారతదేశంలో మాత్రం అటువంటి కార్డు వేళ్ళూనలేదు. దండు, రైల్వే కలిసి హాకీని పెంచిన సికింద్రాబాదులో ఆటగాడి బొమ్మ ఏయే కాగితాల మీద నిలిచింది, ఆ కాగితాలు సేకరణకర్తల మధ్య ఎలా మారకమయ్యాయి, ఆ మారకంలో చరిత్రకు ఏమి మిగిలింది, ఏమి పోయింది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: సికింద్రాబాదు, హాకీ, సేకరణ, మారకం, గ్రూపు ఫొటో, తపాలా బిళ్ళ, సిగరెట్టు కార్డు.

ఉపోద్ఘాతం

క్రీడాచరిత్ర రాసేవారు సాధారణంగా ఫలితాల పట్టికలతో మొదలుపెడతారు. ఎవరు గెలిచారు, ఎన్ని గోల్సు, ఏ సంవత్సరం అన్నవి పత్రికల్లోను, సంఘాల రికార్డుల్లోను దొరుకుతాయి. ఆటను చూసినవారు దాన్ని ఏ రూపంలో ఇంటికి తీసుకుపోయారు, దేన్ని దాచుకున్నారు, దేన్ని పక్కింటి పిల్లవాడికిచ్చి బదులుగా ఏమి పుచ్చుకున్నారు అన్నది పట్టికల్లో కనబడదు. అది అట్టపెట్టెల్లో, పాత పుస్తకాల మధ్య, ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పరిచిన కాగితాల గుట్టల్లో ఉంటుంది. ఈ వ్యాసానికి ప్రేరణ అక్కడిదే. హాకీకి సంబంధించిన కాగితం ఏదైనా ఉన్నదా అని అడిగితే, అమ్మేవారు ఎక్కువసార్లు క్రికెట్ బొమ్మలే చూపారు. హాకీ ఆడిన ఊరిలో హాకీ బొమ్మ ఎందుకు లేదన్న ప్రశ్న అలా పుట్టింది.

కార్డు అనగా ఏమి?

మారకపు కార్డుకు పుట్టినిల్లు సిగరెట్టు పెట్టె. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకాల్లో సిగరెట్లు మెత్తటి కాగితపు పొట్లాల్లో వచ్చేవి. లోపల సిగరెట్లు నలగకుండా ఉండడానికి ఒక గట్టి అట్టముక్క పెట్టేవారు. ఆ అట్ట ఖాళీగా ఎందుకుండాలన్న వ్యాపారబుద్ధిలోంచి నటీమణులు, సైనికులు, పక్షులు, ఆటగాళ్ళు పుట్టుకొచ్చారు. అమెరికాలో అలెన్ అండ్ గింటర్, ఇంగ్లండులో విల్స్ మొదలైన సంస్థలు ఈ పద్ధతిని స్థిరపరిచాయి. ఇంగ్లండులో 1927 నాటికే సిగరెట్టు కార్డుల వ్యాపారానికి ప్రత్యేకంగా ఒక కంపెనీ వెలిసింది. 1940లో యుద్ధకాలపు కాగితపు కొరత వల్ల ఆ దేశంలో కార్డుల ముద్రణ ఆగిపోయింది.

కెనడాలో ఇంపీరియల్ టొబాకో సంస్థ 1910–11లో 36 హాకీ కార్డుల వరుసను విడుదల చేసింది. తరువాత ఆ పాత్ర బబుల్‌గమ్ కంపెనీల చేతికి వచ్చింది. ఒంటారియో రాష్ట్రంలోని లండన్ పట్టణానికి చెందిన ఓ-పీ-చీ 1933–34లోను, పార్క్‌హర్స్ట్ 1951–52లోను హాకీ కార్డుల రంగంలోకి దిగాయి. పొగాకు నుంచి మిఠాయికి మారడమంటే పెద్దవాడి జేబు నుంచి పిల్లవాడి జేబుకు మారడం. కార్డుల మారకం బడి ఆవరణకు చేరింది అప్పుడే. 1979–80 వరుసలో వచ్చిన వేన్ గ్రెట్జ్‌కీ తొలి కార్డు ఒకటి 2021లో 37.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ అంకె మన చర్చకు అంతగా అవసరం లేదు. అంత ధర పలకడానికి ముందు దశాబ్దాల పాటు అవే కార్డులు పైసా ధర లేకుండా ఒకదానికొకటిగా చేతులు మారాయన్నదే ఇక్కడ ముఖ్యం.

ఈ చరిత్రలోంచి మనకు కావలసిన లక్షణాలు మూడే. కార్డు మీద ఉండేది ఒక్క మనిషి. అది వరుసలో భాగం కనుక వెనక ఒక సంఖ్య ఉంటుంది, సంఖ్య ఉన్నచోట ఖాళీ కూడా కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఒకే బొమ్మ వేల ప్రతుల్లో వస్తుంది. ఒకే బొమ్మ ఇద్దరి దగ్గర రెండేసి ఉండి, మరో బొమ్మ ఇద్దరికీ లేకపోతే మారకం సాగదు. నా దగ్గర రెండున్నది నీ దగ్గర లేకపోవాలి, నీ దగ్గర రెండున్నది నా దగ్గర లేకపోవాలి. మన పిల్లలు ‘డబుల్స్’ అని పిలిచే ఈ అదనపు ప్రతి లేకుండా సేకరణ ఉంటుంది కాని మారకం ఉండదు.

రెండు నాణేల ఊరు

మారకం అన్న మాటకు సికింద్రాబాదులో ఒక ప్రత్యేకమైన పూర్వచరిత్ర ఉన్నది. 1806లో సికిందర్ జా పేరు మీద వెలసిన ఈ దండు ప్రాంతం బ్రిటిష్ సైన్యం అధీనంలో ఉండేది. హుస్సేన్‌సాగర్ కట్ట దాటితే నిజాం పాలన. అక్కడ చెలామణీ అయ్యేది హాలీ సిక్కా, ఇక్కడ కల్దారు రూపాయి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానమన్న లెక్క స్థిరపడిన తరువాత కూడా, చిల్లర మార్చే దుకాణదారు తన బట్టా తాను తీసుకునేవాడు. ఒక వస్తువుకు రెండుచోట్ల రెండు విలువలుంటాయని ఈ ఊరి పిల్లవాడికి అర్థశాస్త్రం చదవకుండానే తెలిసేది.

తపాలా కూడా అంతే. నిజాం ప్రభుత్వం 1869లో సొంత తపాలా బిళ్ళలు విడుదల చేసింది. దండులోను, రెసిడెన్సీలోను బ్రిటిష్ ఇండియా తపాలా కార్యాలయాలుండేవి. కొన్ని మైళ్ళ దూరంలో రెండు వేరువేరు ప్రభుత్వాల బిళ్ళలు దొరికే ఊరిలో బిళ్ళల సేకరణ మొదలుకావడానికి పెద్దగా ప్రోత్సాహం అక్కరలేదు. 1931లో ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో వచ్చిన బొమ్మల వరుస ఇందుకు మంచి ఉదాహరణ. ఒక అణా బిళ్ళ మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాల మీద అజంతా గుహల ద్వారం, పన్నెండణాల మీద బీదరు మదర్సా కనిపిస్తాయి. పిల్లలకు సులభంగా దొరికేది అణా బిళ్ళ. అందువల్ల చార్మినార్లు పోగుపడేవి, అజంతా కోసం వెతుకులాట సాగేది. 1950 ఏప్రిల్ 1న నిజాం తపాలా భారత తపాలాలో కలిసిపోయింది. ఆ వరుస ముగియడంతో ప్రతి బిళ్ళ విలువ కొత్తగా లెక్కకు వచ్చింది.

నిజాం బిళ్ళల మీద భవనాలున్నాయి, ఆసుపత్రులున్నాయి, జలాశయముంది. చివరి సంవత్సరాల్లో యుద్ధం నుంచి తిరిగివస్తున్న సైనికుడు కూడా ఒక బిళ్ళ మీదికి ఎక్కాడు. ఒక్క ఆటగాడు కూడా లేడు. పోలో మీద, క్రికెట్ మీద అంత మక్కువ చూపిన సంస్థానంలో ఇది కొంచెం విచిత్రంగానే తోస్తుంది.

దండు, రైల్వే, హాకీ

సికింద్రాబాదుకు హాకీ దండుతో వచ్చింది. రెజిమెంట్లు వచ్చేవి, పోయేవి, మైదానాలు మిగిలేవి. రెండవ ఆధారం రైల్వే. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలుమార్గం వచ్చాక లాలాగూడ, చిలకలగూడ ప్రాంతాల్లో రైల్వే కుటుంబాలు స్థిరపడ్డాయి. వారిలో ఆంగ్లో ఇండియన్లు గణనీయంగా ఉండేవారు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన భారత జట్టులో అధిక సంఖ్యాకులు ఆ సముదాయానికి చెందినవారే అన్న సంగతి గుర్తుంచుకుంటే, రైల్వే కాలనీలకు హాకీ ఏ స్థాయిలో ఇంటి ఆటయిందో ఊహించవచ్చు. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాదు కేంద్రంగా ఏర్పడిన తరువాత ఉద్యోగం, ఆట మరింత పెనవేసుకున్నాయి.

ఈ కాలపు హైదరాబాదు క్రీడారంగంలో సయ్యద్ మహమ్మద్ హాదీ పేరు తప్పక చెప్పుకోవాలి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆయన టెన్నిస్ ఆడాడు. 1934–35లో సికింద్రాబాదు జింఖానా మైదానంలో మద్రాసు మీద అజేయంగా 132 పరుగులు చేసి రంజీ ట్రోఫీ చరిత్రలో మొదటి శతకం నమోదు చేశాడు. హాకీ, ఫుట్‌బాల్, టేబుల్ టెన్నిస్, పోలో, చదరంగం కూడా ఆడేవాడు కనుక ఏడు రంగులవాడన్న అర్థంలో ‘రెయిన్‌బో హాదీ’ అనేవారు. కార్డు ముద్రించే కంపెనీకి ఇటువంటి మనిషి ఒక చిక్కు. ఒక మనిషి, ఒక ఆట, ఒక జట్టు అన్న చట్రంలో ఆయన ఇమడడు. సంస్థానపు క్రీడాకారుడు ఆట పేరుతో కాక వ్యక్తిత్వంతో గుర్తింపు పొందేవాడు. అటువంటి కీర్తి నోటిమాటగా నిలుస్తుంది, అట్టముక్క మీదికి ఎక్కదు.

దండులోకి సిగరెట్టు కార్డులు రాలేదని కాదు. విల్స్ సంస్థ ‘సిజర్స్’ పేరుతో, అంటే మనవాళ్ళు కత్తెర మార్కు అని పిలుచుకున్న సిగరెట్ల పెట్టెల్లో, భారతదేశం కోసం ప్రత్యేకంగా కార్డులు విడుదల చేసింది. 1910 దశకంలో వచ్చిన వరుసల్లో భారతీయ రెజిమెంట్ల మీద ఒకటి, సైనిక జీవితం మీద మరొకటి ఉన్నాయి. కొనేవాడు ప్రధానంగా సిపాయి. కాబట్టి బొమ్మ కూడా సిపాయిదే. సాయంత్రం హాకీ కర్ర పట్టే అదే సిపాయిని పగటి యూనిఫారంలోనే చూపారు. పొగాకు కంపెనీ దృష్టిలో దండు అంటే తలపాగాలు, పతాకాలు, కవాతు. ఆట వారికి కనబడలేదు.

కార్డుకు బదులు గ్రూపు ఫొటో

మన హాకీకి దొరికిన అసలు కాగితరూపం గ్రూపు ఫొటో. ఈ విషయం కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దీనికీ సికింద్రాబాదుకూ గాఢమైన సంబంధమున్నది.

లాలా దీన్‌దయాళ్ 1880ల దశకంలో సికింద్రాబాదులో స్టూడియో తెరిచాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై రాజా బిరుదు పొందాడు. ఆయన సంస్థ పనిలో రాచకుటుంబాలు, వేట దృశ్యాలు, కట్టడాలతో పాటు దండులోని రెజిమెంట్ల గ్రూపు చిత్రాలు కూడా విరివిగా ఉండేవి. ఆ స్టూడియోకు చెందిన 2,857 గాజుపలకల నెగటివ్‌లను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించింది. గ్రూపు ఫొటోకు ఒక వ్యాకరణం ఏర్పడింది ఇటువంటి స్టూడియోల వల్లనే. మధ్యలో కుర్చీల మీద అధికారులు, వెనక నిలబడినవారు, ముందు నేల మీద కాళ్ళు మడిచి కూర్చున్న ఇద్దరు, వారి మధ్య కప్పు. హాకీ జట్టయితే ముందు కర్రలు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. రెజిమెంటు మారినా, రైల్వే జట్టయినా, కళాశాల జట్టయినా ఈ అమరిక చెక్కుచెదరలేదు.

కార్డు ఆటగాడిని జట్టులోంచి వేరుచేసి చూపుతుంది. గ్రూపు ఫొటో ఆటగాడిని జట్టులో కలిపి, జట్టును సంస్థలో కలిపి చూపుతుంది. అందులో నడిమి కుర్చీ సెంటర్ ఫార్వర్డుది కాదు, ఎన్నడూ కర్ర పట్టని కార్యాలయాధికారిది. భారతీయ హాకీ నిర్మాణమే ఇది. ఆటగాడు రైల్వే ఉద్యోగి, సైనికుడు, పోలీసు, విమానయాన సంస్థ ఉద్యోగి. అతనికి జీతమిచ్చేది సంస్థ. టిక్కెట్లు అమ్ముకుని బతికే క్లబ్బు లేదు, ఏడాదికో కొత్త జట్టు జాబితా ప్రకటించే వృత్తి లీగు లేదు. ఆటగాడి బొమ్మను అమ్ముకోవలసిన అవసరం ఎవరికీ లేనప్పుడు దాన్ని వేల ప్రతుల్లో అచ్చువేసేదెవరు? కెనడాలో హాకీ కార్డు నిలదొక్కుకోవడానికి పొగాకు, గమ్ కంపెనీలు ఎంత కారణమో, ప్రతి శీతాకాలం కొత్త జట్లతో వచ్చే వృత్తి లీగు కూడా అంతే కారణం.

గ్రూపు ఫొటోకు ప్రతులు జట్టులో ఎంతమంది ఉంటే అన్ని. పదిహేనో ఇరవయ్యో. ప్రతి ఒక్కరూ ఒకటి తీసుకుని గోడకు తగిలించుకుంటారు. డబుల్స్ ఉండవు. కనుక మారకమూ లేదు. ఆ చిత్రం కుటుంబంలోనే ఉండిపోతుంది, లేదా కుటుంబంతో పాటు వెళ్ళిపోతుంది. స్వాతంత్ర్యానంతర దశాబ్దాల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఎన్నో ఇంగ్లండు, ఆస్ట్రేలియా, కెనడా దేశాలకు వలసపోయాయి. వారి పెట్టెల్లో ఈ ఊరి హాకీ చరిత్రలో ఒక భాగం సముద్రం దాటింది.

ఒక మినహాయింపు ఉంది. కొందరు ఫొటోగ్రాఫర్లు చిత్రాన్ని నేరుగా పోస్టుకార్డు కాగితం మీద ముద్రించి ఇచ్చేవారు. బ్రిటిష్ సైనికులు తమ జట్టు చిత్రాన్ని అలా ఇంటికి పంపుకునేవారు. వెనక చిరునామాకు చోటు, ముందు పదకొండుమంది ఆటగాళ్ళు. గ్రూపు ఫొటో కన్నా చిన్నది, చవకైనది, ఎక్కువ ప్రతులు తీయదగినది. హాకీ కార్డు అన్న మాటకు ఈ దేశంలో అన్నిటికన్నా దగ్గరగా వచ్చిన వస్తువు ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

బిళ్ళ మీది హాకీ

1966 డిసెంబరులో బ్యాంకాక్ ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ పాకిస్తాన్‌ను ఒక గోలుతో ఓడించింది. ఆ నెల 31వ తేదీనే తపాలాశాఖ 15 పైసల హాకీ బిళ్ళ విడుదల చేసింది. ప్రభుత్వ శాఖ అంత త్వరగా కదలడం అరుదు. 1936 బెర్లిన్ ఫైనల్లో జర్మనీని 8–1తో ఓడించిన జట్టుకు నాయకుడైన ధ్యాన్‌చంద్ 1979 డిసెంబర్ 3న మరణించగా, 1980లో ఆయన బిళ్ళ వచ్చింది. బెర్లిన్ పోటీలప్పుడు జర్మనీలో సిగరెట్టు కొన్నవారికి కూపన్లు ఇచ్చి, వాటికి బదులుగా ఒలింపిక్ ఛాయాచిత్రాలు పంపి, ఆల్బమ్‌లో అతికించుకునే ఏర్పాటు జరిగింది. ఓడిన దేశంలో పొగతాగేవాడికి ఆ ఒలింపిక్స్ బొమ్మల పుస్తకం దక్కింది. గెలిచిన దేశంలో నాయకుడి బొమ్మ కోసం నలభై నాలుగేళ్ళు ఆగవలసి వచ్చింది.

ఇది తపాలాశాఖ తప్పు కాదు. జీవించి ఉన్నవారి బొమ్మను బిళ్ళ మీద వేయకపోవడం మన తపాలా సంప్రదాయం. విశ్వేశ్వరయ్య, సచిన్ టెండూల్కర్ వంటి మినహాయింపులు వేళ్ళ మీద లెక్కించదగినవి. కార్డు ఆటగాడు ఆడుతున్నప్పుడే వస్తుంది, బిళ్ళ అతను పోయిన తరువాత వస్తుంది. కార్డు మీద వచ్చే ఏటి ఆశ ఉంటుంది, బిళ్ళ మీద నివాళి ఉంటుంది. పిల్లలు ఆశను మార్చుకుంటారు కాని నివాళిని మార్చుకోరు. హాకీ బిళ్ళలు పెద్దల ఆల్బమ్‌లలో భద్రంగా ఉన్నా, బడి పిల్లల మధ్య చేతులు మారే వస్తువు కాకపోవడానికి ఒక కారణం ఇక్కడ కనిపిస్తుంది.

గమ్‌లో క్రికెట్

మన పిల్లలకు మారకం రాదని కాదు. ఖాళీ సిగరెట్టు పెట్టెల అట్టలను చించి, గీత గీసి, రాయి విసిరి గెలుచుకునే ఆట తెలుగునాట చాలాచోట్ల ఉండేది. కోస్తాలో కొన్నిచోట్ల వాటిని బచ్చాలనేవారు. ఏ అట్టకు ఎంత విలువ అన్నది పిల్లలే నిర్ణయించేవారు. వీధిలో ఎక్కువగా దొరికే రకానికి తక్కువ, అరుదుగా దొరికే రకానికి ఎక్కువ. హైదరాబాదులోనే తయారయ్యే చార్మినార్ పెట్టె ఈ ఊరి వీధుల్లో ఏ స్థాయిలో ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ముద్రించిన కార్డు లేనప్పుడు పిల్లలు చెత్తలోంచి తమ కార్డులు తామే తయారు చేసుకున్నారన్నమాట.

1990 దశకంలో బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో క్రికెటర్ల బొమ్మలు వచ్చాయి. వాటి మీద పరుగులో వికెట్లో రాసి ఉండేవి. లెక్క పూర్తిచేసినవారికి బహుమతి. బడి వరండాల్లో జరిగిన ఆ మారకాన్ని ఈ వ్యాసం చదివే అధ్యాపకుల్లో ఒక తరం మరచిపోయి ఉండదు. అక్కడ హాకీ లేదు. కారణాలు తెలిసినవే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో కృత్రిమ మైదానాలు వచ్చాయి, మనం ఏడవ స్థానానికి జారాం. 1982 డిసెంబర్ 1న ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో పాకిస్తాన్ 7–1తో మనల్ని ఓడించింది. రంగుల టెలివిజన్ దేశంలోకి వచ్చిన కొద్ది నెలలకే జరిగిన ఆట అది. ఎన్నో ఇళ్ళు హాకీని రంగుల్లో మొదట చూసింది ఆ పరాజయంలోనే. ఏడు నెలలు తిరక్కుండానే, 1983 జూన్ 25న లార్డ్స్‌లో క్రికెట్ ప్రపంచకప్పు. గమ్ కంపెనీ ఏ బొమ్మను ఎంచుకుంటుందో ఊహించడం కష్టం కాదు.

అలాగని హైదరాబాదు హాకీ ఆగిపోలేదు. నందనూరి ముఖేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లలో వరుసగా ఆడాడు. అర్జున, పద్మశ్రీ పురస్కారాలు అందుకున్నాడు. 2005లో ప్రీమియర్ హాకీ లీగు తొలిసారి హైదరాబాదులో జరిగి, హైదరాబాద్ సుల్తాన్స్ జట్టు విజేతగా నిలిచింది. చిత్తూరు జిల్లా నుంచి ఏతిమరపు రజని భారత మహిళల జట్టుకు గోల్‌కీపరయింది. మూడు ఒలింపిక్స్ ఆడిన మనిషి బొమ్మ కోసం ఆదివారం బజారులో అడిగితే, దుకాణదారు పాత పత్రిక కత్తిరింపు చూపుతాడు. పత్రిక కత్తిరింపు వెనక ఆటగాడి వివరాలుండవు, చీరల ప్రకటనలో సగం ఉంటుంది.

ఒక మారకం

ఇక ఈ వ్యాసకర్త స్వయంగా పాల్గొన్న ఒక మారకాన్ని ఆధారంగా చూపుతున్నాను. వ్యక్తిగత అనుభవాన్ని పరిశోధన వ్యాసంలో చేర్చడం కొందరికి రుచించకపోవచ్చు. అయితే సేకరణకర్తల మారకం కాగితం మీద నమోదయ్యే వ్యవహారం కాదు. రసీదు ఉండదు, సాక్షి ఉండడు. పాల్గొన్నవారు చెప్పకపోతే దాని పద్ధతి తెలిసే మార్గం లేదు.

అవతలి వ్యక్తి రైల్వేలో పనిచేసి విరమించిన పెద్దమనిషి. బిళ్ళలు, పోస్టుకార్డులు యాభై ఏళ్ళుగా సేకరిస్తున్నారు. సికింద్రాబాదు స్టేషను దగ్గరి ఒక ఇరానీ హోటల్లో కలుసుకున్నాం. ఆయన దగ్గర పోస్టుకార్డు కాగితం మీద ముద్రించిన ఒక హాకీ జట్టు చిత్రం ఉంది. పదకొండుమంది ఆటగాళ్ళు, ఇద్దరు అధికారులు, ఒక కప్పు. వెనక టెంట్ల వరుస. జట్టు పేరు లేదు, సంవత్సరం లేదు. చిత్రం వెనక మాత్రం పెన్సిలుతో కొన్ని పేర్లున్నాయి. నా దగ్గర 1966 హాకీ బిళ్ళ తొలిరోజు కవరు రెండు ప్రతులున్నాయి, 1931 నిజాం వరుసలో ఎనిమిదణాల బిళ్ళ ఒకటి అదనంగా ఉంది. ఆయనకు కావలసినది ఆ ఎనిమిదణాల అజంతా.

బేరం చిత్రం దగ్గర ఆగలేదు, పేర్ల దగ్గర ఆగింది. ఆయన జేబులోంచి రబ్బరు తీసి, “ఈ పెన్సిల్ రాత తుడిచి ఇస్తాను సార్. వెనక రాత ఉంటే బజారులో బట్టా పడుతుంది. రేపు మీరు ఎవరికైనా ఇవ్వాలన్నా ఇబ్బందే” అన్నారు. ఆయన మాటలో మోసం ఏమీ లేదు. సేకరణకర్తల ధర్మం ప్రకారం శుభ్రమైన వస్తువు ఇవ్వడం మర్యాద. మూలలు నలగకూడదు, వెనక మచ్చ ఉండకూడదు, ఎవరి చేతిరాతా కనబడకూడదు. నేను తుడవవద్దని అంటే ఆయన ఆశ్చర్యపోయారు. రాత తుడిస్తే ఆ చిత్రం నాకు అక్కరలేదని చెప్పాక మరింత ఆశ్చర్యపోయారు.

ఈ చిన్న భేదంలోనే అసలు సమస్య ఉన్నది. సేకరణకర్తకు వస్తువు విలువ దాని స్థితిలో ఉంటుంది. చరిత్రకారుడికి దాని ప్రయాణంలో ఉంటుంది. ఇదే తగాదా బిళ్ళల విషయంలో ఇంతకుముందే జరిగింది. తరతరాల పిల్లలు కవరు మూల చించి, బిళ్ళను గిన్నెడు నీళ్ళలో నానబెట్టి, ఊడదీసి, పాత పుస్తకం మధ్య ఆరబెట్టారు. పెద్దలు నేర్పిన పద్ధతే అది. సికింద్రాబాదు ముద్ర సగం బిళ్ళ మీద, సగం కవరు మీద పడిన ఉత్తరాలు ఎన్ని అలా విడిపోయాయో లెక్కలేదు. రెండు తపాలాల ఊరిలో ఉత్తరం ఏ కార్యాలయం నుంచి ఏ దారిన పోయిందో చెప్పగల ఆధారం నీళ్ళలో కరిగిపోయింది. ఇప్పుడు తపాలా చరిత్ర అధ్యయనం చేసేవారు బిళ్ళ ఉన్న కవరునే యథాతథంగా కోరుకుంటున్నారు. వంద బిళ్ళలకు ఒక్క కవరు దొరకడం కూడా కష్టమవుతున్నది.

పోస్టుకార్డు చిత్రాలకు ఆ దశ ఇంకా పూర్తిగా రాలేదు. అంటే ఇప్పటికీ రబ్బరు పనిచేస్తూనే ఉంది. ప్రతి మారకంలోను వస్తువు ఎవరింటి నుంచి వచ్చిందన్న సంగతి ఒక మెట్టు దిగిపోతుంది. మొదటి యజమానికి అందులో ఉన్నది తండ్రో, మామయ్యో. రెండవవాడికి లాలాగూడ జట్టు. మూడవవాడికి పాత హాకీ ఫొటో. నాలుగవవాడికి ‘వింటేజ్ స్పోర్ట్స్’. మారకం వల్లనే ఆ చిత్రం చెత్తలో పడకుండా బతికింది, ఆ మారకం వల్లనే దానికి పేరు లేకుండా పోయింది. ఇందులో ఒకదాన్ని ఒప్పుకుని రెండవదాన్ని కాదనడం సేకరణకర్తలకు అన్యాయం. వారి అట్టపెట్టెలు లేకపోతే మనం పరిశోధన చేయడానికి ఈ తుడిచిన చిత్రాలు కూడా మిగిలేవి కావు.

చివరికి బేరం ఇలా కుదిరింది. ఎనిమిదణాల బిళ్ళ, ఒక తొలిరోజు కవరు ఆయనకు, చిత్రం నాకు. రాత ఉన్నందుకు బట్టాగా ఆయన మరో రెండు మామూలు పోస్టుకార్డులు అదనంగా ఇచ్చారు. నేను వద్దన్నా వినలేదు. లెక్క లెక్కే అన్నారు. నా దృష్టిలో చిత్రం విలువ పెంచిన ఆ పెన్సిలు గీతలకు ఆయన నాకే నష్టపరిహారం చెల్లించినట్టయింది. ఒక వస్తువుకు రెండు విలువలుండే ఆ ఊరి పాత అలవాటు ఇంకా పోలేదు.

చిత్రం వెనక ఐదు పేర్లు స్పష్టంగా చదవగలిగాను. ఆరవదానిలో మొదటి అక్షరం, చివర ‘జూనియర్’ అన్న మాట మాత్రమే మిగిలాయి. మిగతా ఐదుగురి చోట పేరు రాయలేదు. పేర్లు రాసిన చేయి ముందు వరుసలో కూర్చున్న ఇద్దరితో మొదలుపెట్టింది, అధికారుల పేర్లు రాయనేలేదు. ముందు వరుసలోని ఇద్దరిలో ఎడమవైపు కుర్రవాడి మీద చిన్న గుణకారపు గుర్తు ఉంది, దాని ఎదురుగా వెనకవైపు పేరు లేదు, ‘నేను’ అన్న అర్థంలో ఒక్క ఇంగ్లీషు మాట ఉంది.